ఫ్రేములు లేకుండా పక్క మెనూ: ఒక్క పనిముట్టు చేసిన మూడు పనులు

జావా భాషలో ప్రోగ్రాములు రాసినవారికి ఆ భాషలోని క్లాసులను (ప్రోగ్రాము భాగాలను) వివరించే పాత జావాడాక్ పేజీల రూపం బాగా గుర్తుంటుంది. తెరకు ఎడమవైపు పైన ప్యాకేజీల జాబితా, దాని కింద క్లాసుల జాబితా, కుడివైపు విశాలమైన గడిలో ఎంచుకున్న క్లాసు వివరణ, ఇలా ఆ పేజీ మూడు ఫ్రేములుగా, అంటే దేని పేజీ దానిదే అయిన మూడు గడులుగా, విడిపోయి ఉండేది. పైభాగంలో ‘ఫ్రేమ్స్’, ‘నో ఫ్రేమ్స్’ అనే రెండు లింకులు పక్కపక్కనే కనిపించేవి. తనను ఏ రూపంలో చూడాలో పేజీయే పాఠకుణ్ణి అడగవలసి వచ్చిందంటే, ఆ ఏర్పాటులో ఏదో కుదరలేదనే అర్థం. గూగుల్‌లో వెతికి నేరుగా ఒక క్లాసు పేజీకి చేరినవారికి పక్కన జాబితాలు ఉండేవి కావు, జాబితాల గుండా చేరినవారికి తాము చదువుతున్న పేజీ అసలు చిరునామా పైన కనిపించేది కాదు. 2017 సెప్టెంబరులో వచ్చిన జావా 9 ఆ పేజీలకు సెర్చ్ బాక్సును చేర్చింది. ఏడాది తరువాత జావా 11లో ఫ్రేములు లేని రూపమే మామూలు రూపం అయింది. 2019 సెప్టెంబరులో వచ్చిన జావా 13 నాటికి ఫ్రేముల సదుపాయాన్ని పూర్తిగా తీసివేశారు.

ఫ్రేములను మొదట తెచ్చింది నెట్‌స్కేప్ సంస్థ. 1996లో విడుదలైన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0తో అవి జనంలోకి వచ్చాయి, 1997 డిసెంబరులో వెలువడిన, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 4.0 వాటికి ప్రమాణాల్లో చోటు కల్పించింది. 2014 అక్టోబరు 28న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన హెచ్‌టీఎంఎల్ 5 మాత్రం ఫ్రేమ్, ఫ్రేమ్‌సెట్, నోఫ్రేమ్స్ ట్యాగులకు కాలం చెల్లిందని, వాటిని ఎవరూ వాడకూడదని తేల్చి చెప్పింది. అయినా నేటి బ్రౌజర్లు పాత ఫ్రేముల పేజీలను తెరిచి చూపుతూనే ఉన్నాయి. కాబట్టి అలా కట్టిన పాత సైటు ఇప్పటికీ బాగానే నడుస్తున్నట్టు కనిపించవచ్చు. దాన్ని మార్చడానికి కూర్చున్నప్పుడే, ఆ ఫ్రేములు తెరవెనుక ఎన్ని పనులు చేసి పెడుతున్నాయో తెలిసివస్తుంది.

ఫ్రేము ఒక్కటే మూడు పనులు చేసేది. మెనూను ఒకే ఫైలులో రాసి సైటంతటికీ వాడుకునే వీలు మొదటిది. పాఠకుడు పేజీని ఎంత కిందికి జరిపినా మెనూ కళ్లెదుటే నిలిచి ఉండటం రెండోది. లింకు నొక్కినప్పుడు మెనూ ఉన్నచోటే ఉండి, కుడివైపు భాగం మాత్రమే మారడం మూడోది. ఫ్రేములను వదిలించుకోవాలనుకునేవారిలో చాలామంది ఈ మూడింటినీ ఒకే దెబ్బలో తెచ్చిపెట్టే మరో పనిముట్టు కోసం వెతుకుతారు. దారి తప్పేది అక్కడే. ఇవి మూడు వేరువేరు సమస్యలు. మొదటిది పేజీ తయారయ్యే చోట, అంటే సర్వరులోనో సైటు కట్టేవారి కంప్యూటరులోనో తీరాలి. రెండోది పేజీ రూపాన్ని, అమరికను చెప్పే సీఎస్ఎస్‌తో తీరుతుంది. మూడోదానికి ఈనాడు చాలావరకు పరిష్కారమే అక్కర్లేదు.

ఈ తేడా గ్రహించనివారు సాధారణంగా ఐఫ్రేమ్ దగ్గరికి వెళతారు. ఫ్రేమ్‌సెట్‌కు కాలం చెల్లినా, పేజీ మధ్యలో మరో పేజీని పొదిగే ఐఫ్రేమ్ ట్యాగు ప్రమాణాల్లో భద్రంగానే ఉంది. మ్యాపులకు, వీడియోలకు, చెల్లింపు పెట్టెలకు అది సరైన సాధనం. మెనూకు మాత్రం కాదు. ఐఫ్రేమ్‌లో పెట్టిన మెనూలోని ప్రతి లింకూ ఆ చిన్న పెట్టెలోనే తెరుచుకోవడానికి చూస్తుంది, దాన్ని బయటికి పంపడానికి టార్గెట్ పేరెంట్ అని ప్రత్యేకంగా తగిలించాలి. మెనూ పొడవుకు తగ్గట్టు పెట్టె ఎత్తు తనంతట తాను పెరగదు, కాబట్టి పక్కన మరో స్క్రోల్ పట్టీ మొలుస్తుంది. మెనూకు ఎన్ని రంగులు వేసినా, అది పేజీలో భాగం కాకుండా పరాయి పేజీగానే మిగిలిపోతుంది. ఫ్రేములు లేకుండా కట్టడమంటే ఐఫ్రేమ్ కూడా లేకుండా కట్టడమే.

ఒక మెనూ, నలభై పేజీలు

ఒక ఊరి గ్రంథాలయానికి నలభై పేజీల సైటు కట్టాలనుకుందాం. పక్క మెనూలో మొదటి పేజీ, గ్రంథాలయ చరిత్ర, పుస్తకాల జాబితా, సభ్యత్వం, పనివేళలు, సంప్రదించండి వంటి పన్నెండు లింకులు ఉంటాయి. హెచ్‌టీఎంఎల్ వరకు చూస్తే ఇది చాలా సరళమైన వస్తువు. నావ్ అనే ట్యాగు, దాని లోపల యూఎల్ అనే జాబితా, అందులో ఒక్కో లింకుకు ఒక్కో ఎల్ఐ, అంతే. మెనూను జాబితాగా రాయడం వెనుక కారణం ఉంది. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడరు ‘పన్నెండు అంశాల జాబితా’ అని ముందే చెబుతుంది కాబట్టి, చూపు లేని పాఠకుడికి తన ముందున్నది ఎంతో ఒక్క మాటలో తెలుస్తుంది. సీఎస్ఎస్ ఏ కారణం చేతనైనా అందకపోతే కూడా పేజీలో చక్కటి చుక్కల జాబితా మిగులుతుంది.

అసలు చిక్కు ఈ జాబితా నలభై పేజీల్లోనూ ఉండాలన్న చోట మొదలవుతుంది. చేత్తో నలభై చోట్ల అతికిస్తే, మొదటి రోజు ఏ తేడా కనిపించదు. ఆరు నెలల తరువాత ‘పిల్లల విభాగం’ అనే కొత్త లింకు చేర్చవలసి వచ్చి, ముప్పై ఏడు పేజీల్లో చేర్చి మూడింటిలో మరిచిపోయినప్పుడు తెలుస్తుంది. ఫ్రేములు అంతగా ప్రాచుర్యం పొందడానికి ఇదే పెద్ద కారణం. ప్రోగ్రాములు రాయడం రానివారికి ‘ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారాలి’ అన్న కోరిక తీర్చినది ఆ రోజుల్లో అదొక్కటే.

నిజానికి ఆ కోరికను తీర్చే మరో పద్ధతి అప్పటికే సర్వర్లలో ఉంది. సర్వర్ సైడ్ ఇన్‌క్లూడ్స్ అనే ఈ పద్ధతిలో పేజీ మధ్య ఒక చిన్న ఆదేశం రాస్తారు. పేజీని పంపే ముందు సర్వరు ఆ ఆదేశం ఉన్నచోట మెనూ ఫైలును తెచ్చి అతికిస్తుంది. బ్రౌజరుకు చేరేది అతుకు కనిపించని ఒకే పేజీ. అపాచీ సర్వరులో ఈ సదుపాయం నేటికీ ఉంది, పేజీల ఫైళ్లకు సాధారణంగా ఎస్‌హెచ్‌టీఎంఎల్ అనే పొడిగింపు పెడతారు. సర్వరులో నడిచే పీహెచ్‌పీ భాషలోని ఇన్‌క్లూడ్ ఆదేశం చేసేదీ ఇదే పని. మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో పీహెచ్‌పీ దాదాపు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి, చిన్న సైట్లకు అన్నిటికంటే దగ్గరి దారి అదే.

ఈ దారిలో మొదటిసారి నడిచేవారిని ఒక ఏటవాలు గీత (/) బాగా తిప్పలు పెడుతుంది. మెనూ ఫైలులోని లింకుల చిరునామాలు గీతతో మొదలు కావాలి. ఎందుకంటే గీత లేకుండా రాసిన ‘చరిత్ర’ అనే లింకు మొదటి పేజీ నుంచి సరిగ్గానే పని చేస్తుంది, ‘పుస్తకాలు’ అనే ఫోల్డరులోని పేజీ నుంచి మాత్రం అదే లింకు పుస్తకాల ఫోల్డరు లోపలే చరిత్రను వెతికి, దొరకలేదని చేతులెత్తేస్తుంది. గీతతో మొదలైన చిరునామా ఎప్పుడూ సైటు మొదలు నుంచే లెక్కకు వస్తుంది. అయితే పీహెచ్‌పీ ఇన్‌క్లూడ్ ఆదేశంలో అదే గీత పెడితే అర్థం మారిపోతుంది. అక్కడ గీత అంటే సైటు మొదలు కాదు, సర్వరు కంప్యూటరులోని ఫైళ్ల వ్యవస్థ మొదలు. లింకులో గీత పెట్టమన్నారు కదా అని ఇన్‌క్లూడ్‌లోనూ పెట్టినవారికి ఫైలు లేదన్న హెచ్చరికే ఎదురవుతుంది. పీహెచ్‌పీలో ‘ఈ ఫైలు ఉన్న ఫోల్డరు’ అని చెప్పే డిర్ అనే స్థిరాంకంతో దారిని మొదలుపెడితే ఈ గందరగోళం ఉండదు. సర్వర్ సైడ్ ఇన్‌క్లూడ్స్‌లో వర్చువల్ అనే మాటతో రాసినప్పుడు మాత్రం గీతకు లింకులోని అర్థమే వర్తిస్తుంది.

సర్వరులో ఏదీ నడపడం ఇష్టం లేనివారికి స్టాటిక్ సైట్ జనరేటర్లు ఉన్నాయి. 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో వీటిలో బాగా తెలిసినవి. మెనూ, పేజీల మూసలు వేరువేరుగా ఉంటాయి. ఒక ఆదేశం ఇస్తే కంప్యూటరులోనే నలభై పేజీలూ పూర్తిగా తయారవుతాయి, వాటిని సర్వరుకు ఎక్కించడమే మిగులుతుంది. పాఠకుడు అడిగిన ప్రతిసారీ పేజీని అతికించే పని సర్వరుకు ఉండదు. అయితే సైటు డొమైను మొదట్లో కాకుండా ఒక ఉపఫోల్డరులో ఉంటే, ఉదాహరణకు గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్టు పేరు కింద పెడితే, గీతతో మొదలయ్యే లింకులన్నీ ఆ ఫోల్డరును దాటి డొమైను మొదటికి పోతాయి. అందుకే ఈ పనిముట్లన్నిటిలోనూ ‘సైటు మూల చిరునామా’ అనే అమరిక ఒకటి ఉంటుంది, ముందు దాన్ని నింపాలి.

జావాస్క్రిప్టుతో మెనూ ఫైలును తెచ్చి పేజీలో చొప్పించడం మరో పద్ధతి. దీన్ని ఎంచుకోకపోవడమే మేలు. ముందు పేజీ వస్తుంది, ఒక క్షణం తరువాత మెనూ వచ్చి పడుతుంది, ఆ తోపుకు చదువుతున్న అక్షరాలు పక్కకు జరుగుతాయి. స్క్రిప్టు ఫైలు దారిలో ఆగిపోతే మెనూయే ఉండదు. పైగా కంప్యూటరులో ఫైలును నేరుగా తెరిచి చూసేవారికి, భద్రతా నిబంధనల వల్ల బ్రౌజరు ఆ ఫైలును తేనివ్వదు. నలభై పేజీలకూ ఒకటే అయిన పన్నెండు లింకులను ప్రతి పాఠకుడి ఫోనులో ప్రతిసారీ కొత్తగా కుట్టించడంలో అర్థం లేదు.

మెనూ ఒకేచోట ఉండి వేల పేజీల్లో కనిపించడాన్ని తెలుగు పాఠకులు రోజూ చూస్తూనే ఉన్నారు. తెలుగు వికీపీడియాలో ‘మొదటి పేజీ’, ‘యాదృచ్ఛిక పేజీ’, ‘రచ్చబండ’ వంటి లింకులున్న పక్క మెనూ ఏ వ్యాసంలోనూ విడిగా రాసి ఉండదు. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరులో సైడ్‌బార్ అనే ఒక ప్రత్యేక పేజీ ఉంటుంది. ఒక నక్షత్రం గుర్తుతో మొదలయ్యే పంక్తి అందులో శీర్షిక అవుతుంది, రెండు నక్షత్రాలతో మొదలయ్యే పంక్తి లింకు అవుతుంది. నిర్వాహకులు ఆ పేజీలో ఒక పంక్తి మారిస్తే, వేల వ్యాసాల పక్కన అది మారిపోతుంది. పద్ధతి ఎంత పెద్దదైనా సూత్రం గ్రంథాలయం సైటుదే. మెనూ రాసేది ఒకచోట, అతికించేది సర్వరు, బ్రౌజరుకు అందేది ఒకే పేజీ.

ఫ్రేములకు చేతకాని పని

ఇలా అతికించిన మెనూకు ఫ్రేములోని మెనూకు ఎన్నడూ లేని శక్తి ఒకటి వస్తుంది. ఫ్రేములో మెనూ ఒక పేజీ, విషయం మరో పేజీ. పాఠకుడు ఎక్కడున్నాడో మెనూకు సహజంగా తెలియదు. అతను విషయం లోపలి లింకుల గుండా ఎంత దూరం వెళ్లినా, ఎడమవైపు జాబితా మొదట ఎలా ఉందో అలాగే ఉండేది. పేజీతోపాటు తయారైన మెనూకు ‘నేనున్నది సభ్యత్వం పేజీలో’ అని తయారయ్యేటప్పుడే తెలుస్తుంది. పీహెచ్‌పీలోనైనా జనరేటరులోనైనా చేయవలసింది ఒకటే. ప్రతి లింకు చిరునామానూ ప్రస్తుత పేజీ చిరునామాతో పోల్చి, రెండూ ఒకటైన చోట ఏరియా కరెంట్ అనే గుణాన్ని పేజ్ అనే విలువతో చేర్చాలి. స్క్రీన్ రీడరు ఆ లింకు దగ్గర ‘ప్రస్తుత పేజీ’ అని చెబుతుంది. సీఎస్ఎస్‌లో అదే గుణాన్ని పట్టుకుని ఆ లింకును వేరుగా చూపవచ్చు. రంగు ఒక్కటే మారిస్తే రంగుల తేడా తెలియనివారికి ఉపయోగం ఉండదు కాబట్టి, ఎడమ అంచున ఒక మందపాటి గీత వేయడమో, అక్షరాలను బొద్దుగా చేయడమో కూడా అవసరం. ఫ్రేములు వదిలినందుకు ఏదో కోల్పోయామని బాధపడేవారు ముందుగా చూడవలసింది ఈ ఒక్క లాభాన్నే. తానెక్కడ ఉన్నాడో పాఠకుడికి చెప్పలేని మెనూ సగం మెనూ మాత్రమే.

పక్కన నిలబెట్టడం

మెనూను పక్కకు చేర్చడానికి వెబ్ చాలా కష్టపడింది. తొలినాళ్లలో పేజీ మొత్తాన్ని ఒక పట్టికగా చేసి ఎడమ గడిలో మెనూను, కుడి గడిలో విషయాన్ని పెట్టేవారు. తరువాత ఫ్లోట్ అనే సీఎస్ఎస్ గుణంతో మెనూను ఎడమకు తేల్చి, విషయానికి అంత మేర ఎడమ అంచు వదిలేవారు. ఆ పద్ధతిలో విషయం పొడవైతే మెనూ వెనుక రంగు మధ్యలోనే ఆగిపోయేది, దాన్ని దాచడానికి రెండు నిలువు రంగులున్న బొమ్మను పేజీ వెనుక నిలువునా పరిచేవారు. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లు కొద్ది వారాల తేడాలో సీఎస్ఎస్ గ్రిడ్‌ను అందించాక ఈ కష్టం తీరిపోయింది. ఇప్పుడు పేజీ ప్రధాన పెట్టెకు డిస్‌ప్లే గ్రిడ్ అని చెప్పి, మొదటి నిలువు వరుసకు 14 రెమ్ (పేజీ మూల అక్షర పరిమాణానికి 14 రెట్లు) వెడల్పు, రెండోదానికి మిగిలినదంతా ఇస్తే చాలు. రెండో వరుస వెడల్పును ఉత్తి 1 ఎఫ్ఆర్ (మిగిలిన చోటంతా) అని కాకుండా, కనీసం సున్నా, గరిష్ఠం 1 ఎఫ్ఆర్ అని మినిమ్యాక్స్‌తో రాయడం మంచిది. లేకపోతే పుస్తకాల జాబితా పేజీలోని వెడల్పాటి పట్టిక ఒకటి ఆ వరుసను తోసుకుంటూ పోయి, పేజీ మొత్తాన్ని తెర బయటికి లాగుతుంది.

జరుగుతున్న పేజీ పక్కన మెనూ నిలిచి ఉండాలంటే రెండు దారులు. పొజిషన్ ఫిక్స్‌డ్ పాతది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో అది పని చేయకపోవడం కూడా ఫ్రేములు ఎక్కువ కాలం బతకడానికి ఒక కారణం, 2006లో ఏడో వెర్షన్ వచ్చాకే అక్కడ దారి తెరుచుకుంది. కానీ ఫిక్స్‌డ్ అన్న మాటతో మెనూ పేజీ అమరిక నుంచి పూర్తిగా ఊడిపోతుంది. దాని చోటును విషయం ఆక్రమించకుండా మళ్లీ లెక్కలు వేసి అంచులు వదలాలి, పేజీ పైన బ్యానరు ఉంటే అది దాటాక మెనూ ఎక్కడ ఆగాలో చెప్పే మార్గం ఉండదు. పొజిషన్ స్టికీలో మెనూ తన వరుసలోనే ఉంటుంది, తెర పై అంచును తాకే వరకు పేజీతోపాటు జరిగి, తాకిన తరువాత అక్కడే అతుక్కుపోతుంది. 2017 జనవరిలో క్రోమ్ 56 కూడా దీన్ని అందించడంతో పెద్ద బ్రౌజర్లలో వాడకానికి అడ్డు తొలగింది.

స్టికీ రాశాం గానీ అతుక్కోవడం లేదు అన్న ఫిర్యాదుకు మూలం దాదాపుగా మూడు చోట్లలో ఒకచోట దొరుకుతుంది. టాప్ విలువ రాయకపోతే ఎక్కడ అతుక్కోవాలో బ్రౌజరుకు తెలియదు, సున్నా అయినా సరే రాసి తీరాలి. మెనూను చుట్టి ఉన్న పెట్టెల్లో దేనికైనా ఓవర్‌ఫ్లో హిడెన్ (పొంగిన భాగాన్ని దాచు) అని ఉంటే, మెనూ పేజీకి కాకుండా ఆ పెట్టెకు అతుక్కోవాలని చూస్తుంది. ఆ పెట్టె తనలో తాను జరగదు కాబట్టి ఫలితం ఏమీ కనిపించదు. అక్కడ హిడెన్ బదులు క్లిప్ అని రాస్తే పొంగిన భాగం కనిపించకుండానే ఉంటుంది, స్టికీ కూడా పని చేస్తుంది. మూడోది గ్రిడ్ వాడేవారికి ఎదురయ్యేది, కనిపెట్టడానికి అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది. గ్రిడ్‌లోని ప్రతి పెట్టె మామూలుగా తన అడ్డువరుస ఎత్తంతా సాగుతుంది. విషయం పది తెరల పొడవుంటే మెనూ పెట్టె కూడా పది తెరల పొడవుకు సాగిపోతుంది. అతుక్కుని జరగడానికి దానికి ఖాళీ ఏదీ మిగలదు. మెనూకు అలైన్ సెల్ఫ్ స్టార్ట్ అని ఒక్క పంక్తి చేరిస్తే, అది తన సొంత ఎత్తుకు కుదించుకుని, కింద మిగిలిన ఖాళీలో హాయిగా జారుతుంది.

మెనూయే తెర కంటే పొడవైతే ఇంకో సమస్య. పైభాగం అతుక్కుపోతుంది కాబట్టి, విషయం చివరికి చేరేదాకా మెనూ అడుగు లింకులు కనిపించవు. గరిష్ఠ ఎత్తును తెర ఎత్తుకు పరిమితం చేసి, నిలువు ఓవర్‌ఫ్లోకు ఆటో అని చెబితే మెనూ తనలో తాను జరుగుతుంది. ఫోను బ్రౌజర్లలో చిరునామా పట్టీ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి, తెర ఎత్తును వీహెచ్ అనే స్థిరమైన కొలతలో కాకుండా, ఆ పట్టీని బట్టి మారే డీవీహెచ్‌లో చెబితే లెక్క తప్పదు. మెనూ చివరికి జరిపాక అదే ఊపులో వెనుక పేజీ కూడా జరగడం మొదలుపెట్టకుండా ఓవర్‌స్క్రోల్ బిహేవియర్‌కు కంటెయిన్ అన్న విలువ ఇవ్వాలి.

మళ్లీ దిగకుండా ఉండటం

మూడో పనిని, అంటే లింకు నొక్కినా మెనూ మళ్లీ దిగకుండా ఉన్నచోటే ఉండటాన్ని, అంకెలతో చూడటం మేలు. యూనికోడ్‌ను యూటీఎఫ్-8లో దాచినప్పుడు ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘గ్రంథాలయ చరిత్ర’ అన్న లింకు పేరులో పొల్లులు, గుణింతపు గుర్తులతో కలిపి 14 తెలుగు సంకేతాలు, ఒక ఖాళీ ఉన్నాయి, అంటే 43 బైట్లు. ట్యాగులు, చిరునామా కలుపుకొని ఒక్కో లింకును ఉదారంగా 140 బైట్లు అనుకున్నా, పన్నెండు లింకుల మెనూ మొత్తం 1,700 బైట్లు దాటదు. సెకనుకు 56 కిలోబిట్ల మోడెమ్ తన పూర్తి వేగంతో నడిస్తే సెకనుకు 7,000 బైట్లు తెస్తుంది. అంటే ఆ రోజుల్లో కూడా ఫ్రేము ఆదా చేసింది పేజీకి పావు సెకను మాత్రమే. ఇప్పుడు సర్వర్లు పేజీలను కుదించి పంపుతాయి కాబట్టి ఆ 1,700 బైట్లూ ఇంకా తగ్గిపోతాయి. మెనూ అందచందాలన్నీ ఉన్న సీఎస్ఎస్ ఫైలు మొదటి పేజీతో ఒకసారి దిగి, తరువాతి పేజీలకు బ్రౌజరు దాచిన ప్రతి నుంచే వస్తుంది. అయితే ఆ సీఎస్ఎస్ పేజీల్లో కాకుండా వేరే ఫైలులో ఉండాలి.

బైట్ల కంటే కంటికి కనిపించిన తేడాయే ఎక్కువ ఇబ్బంది పెట్టేది. పేజీ మారినప్పుడు తెర తెల్లబడి మెనూ మాయమై మళ్లీ వచ్చేది. ఒకే సైటులో పేజీ నుంచి పేజీకి వెళ్లేటప్పుడు కొత్తది సిద్ధమయ్యే వరకు పాత పేజీని కొద్దిసేపు అలాగే నిలిపి ఉంచే ఏర్పాటు 2019లో క్రోమ్ 76తో వచ్చింది. 2024 జూన్‌లో వచ్చిన క్రోమ్ 126 నుంచి వ్యూ ట్రాన్సిషన్ నియమాన్ని రెండు పేజీల సీఎస్ఎస్‌లోనూ రాసి, మెనూకు ఒక పేరు పెడితే, విషయం మారుతున్నంతసేపూ మెనూ కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ నియమం తెలియని బ్రౌజరు దాన్ని పట్టించుకోదు, పేజీ మామూలుగా మారుతుంది.

ఫ్రేములతో నిజంగా పోయినదంటూ ఒకటి ఉంది. పొడవైన మెనూలో పాఠకుడు ఎక్కడి వరకు జరిపాడో ఫ్రేము గుర్తుంచుకునేది, అతికించిన మెనూ మాత్రం ప్రతి పేజీలో మళ్లీ మొదటికి వస్తుంది. పన్నెండు లింకులకు ఇది తగలదు, రెండు వందల లింకులకు తగులుతుంది. ప్రస్తుత పేజీ ఉన్న విభాగాన్ని మాత్రమే విప్పి, మిగతావాటిని శీర్షికలుగా ముడిచి ఉంచడం అందరికీ పని చేసే పరిష్కారం. అది చాలనప్పుడు మెనూ జరిగిన దూరాన్ని బ్రౌజరులోని సెషన్ స్టోరేజిలో దాచి, తరువాతి పేజీలో తిరిగి అమర్చే నాలుగు పంక్తుల స్క్రిప్టు ఉండనే ఉంది. అక్కడ జావాస్క్రిప్టు వాడకంలో తప్పు లేదు, ఎందుకంటే అది నడవకపోయినా మెనూ ఉంటుంది. వేల పేరులున్న జాబితాకు ఇవేవీ చాలవు. జావాడాక్ పేజీల్లో ఆ పొడవాటి క్లాసుల జాబితా చోటును చివరికి సెర్చ్ బాక్సు తీసుకోవడానికి కారణం అదే.

తెలుగు అక్షరాలకు కావలసిన చోటు

ఇంగ్లిషు మెనూ కోసం తయారైన మూసలో తెలుగు పేర్లు నింపితే ముందుగా దెబ్బతినేవి వత్తులు. రోమన్ అక్షరాలకు సరిపోయే 1.2 వరుస ఎత్తులో (లైన్ హైట్) ‘రాష్ట్ర’, ‘స్త్రీ’ వంటి మాటల అడుగు భాగం కింది పంక్తి తలకట్టును తాకుతుంది. ఆ లింకు పెట్టెకు ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటే ఏకంగా తెగిపోతుంది. తెలుగుకు 1.6 నుంచి 1.8 వరకు వరుస ఎత్తు ఇవ్వాలి, లింకు పెట్టెకు స్థిరమైన ఎత్తు పెట్టకుండా పైన, కింద ప్యాడింగుతోనే చోటు కల్పించాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ ఇంగ్లిషు శీర్షికలకు అందమేమో గానీ, తెలుగు పదాన్ని ముక్కలు చేసినట్టు చూపుతుంది.

వెడల్పు విషయంలోనూ తెలుగుకు తన లెక్క ఉంది. ‘సంప్రదించండి’ అన్నది ఒకే పదం, మధ్యలో విరగడానికి ఖాళీ లేదు. ‘హోమ్’ అన్న చోట ‘మొదటి పేజీ’ రావాలి. కాబట్టి మెనూ వెడల్పును 150 పిక్సెళ్లు అని బిగించకుండా రెమ్‌లో చెప్పి, మెనూలోని అన్నిటికంటే పొడవైన ఏక పదం పట్టేలా చూడాలి. పాఠకుడు తన బ్రౌజరులో అక్షరాల పరిమాణం పెంచుకుంటే, రెమ్‌లో చెప్పిన వెడల్పు కూడా వాటితోపాటే పెరుగుతుంది. పేరు రెండు పంక్తులకు వస్తే రానివ్వడమే నయం, చివర మూడు చుక్కలు పెట్టి కోసేస్తే ‘పుస్తకాల జా...’ అన్నది ఏమిటో ఎవరికీ తెలియదు. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ గుణంతో చెప్పడం మరిచిపోకూడదు. అది లేకపోతే స్క్రీన్ రీడరు తెలుగు మెనూను ఇంగ్లిషు గొంతుతో చదవబోయి తడబడుతుంది.

కీబోర్డు, ఫోను, కాగితం

మౌసు లేకుండా ట్యాబ్ మీటతోనే తిరిగేవారికి, ప్రతి పేజీలోనూ విషయానికి ముందు పన్నెండు లింకులు దాటడమంటే పన్నెండు నొక్కులు. పేజీ మొట్టమొదట ‘మెనూ దాటి విషయానికి వెళ్లండి’ అనే లింకు ఒకటి పెట్టి, ట్యాబ్ నొక్కినప్పుడు మాత్రమే కనిపించేలా చేస్తే ట్యాబ్, ఎంటర్ అనే రెండు నొక్కులతో పని అయిపోతుంది. 2008 డిసెంబరులో ఆమోదం పొందిన, వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాలు, పేజీ పేజీకీ తిరిగి వచ్చే భాగాలను దాటిపోయే మార్గం ఉండాలన్న నిబంధనను కనీస స్థాయిలోనే చేర్చాయి. గ్రిడ్‌తో తెరమీద మెనూను ఎడమకు, ఫైలులో మాత్రం విషయం తరువాతికి పెట్టడం కూడా సాధ్యమే. అలా చేస్తే కంటికి కనిపించే క్రమం ఒకటి, ట్యాబ్ నడిచే క్రమం ఒకటి అవుతుంది కాబట్టి, పెద్ద తెరల మీద రెండింటినీ ఒకటిగానే ఉంచడం మంచిది.

ఫోనులో పక్క అన్నదే లేదు. ఆరు అంగుళాల తెరను రెండు నిలువు వరుసలు చేస్తే రెండూ చదవడానికి పనికిరావు. మొదట ఒకే వరుసగా పేజీని కట్టి, వెడల్పు సుమారు 50 రెమ్ దాటినప్పుడే మీడియా క్వెరీతో రెండు వరుసల గ్రిడ్‌ను తేవడం సరైన క్రమం. ఒకే వరుసలో మెనూ పైన ఉంటే విషయం ఒక తెర కిందికి పోతుంది, కాబట్టి దాన్ని ‘మెనూ’ అనే బటను వెనుక ముడవాలి. మూడు అడ్డగీతల గుర్తు ఒక్కటే పెట్టడం కంటే పక్కన ఆ రెండక్షరాల మాట కూడా రాస్తే, స్మార్ట్‌ఫోను కొత్తగా పట్టుకున్న పెద్దవారికి కూడా అది తెరుచుకునేదని తెలుస్తుంది. బటను నిజమైన బటన్ ట్యాగే కావాలి, తెరిచి ఉందో మూసి ఉందో ఏరియా ఎక్స్‌పాండెడ్ గుణంతో చెప్పాలి. మెనూను ముడిచే పనిని కూడా స్క్రిప్టుకే అప్పగించాలి. సీఎస్ఎస్‌తో ముందే ముడిచి ఉంచి, విప్పే స్క్రిప్టు అందకపోతే, పాఠకుడు ఆ పేజీలోనే చిక్కుకుంటాడు. స్క్రిప్టే ముడిచేటట్లయితే, అది రాని రోజున మెనూ విప్పి ఉంటుంది, పేజీ కాస్త పొడవుగా కనిపిస్తుంది, అంతకుమించి నష్టం లేదు.

ఇక ప్రింటు. ఫ్రేముల కాలంలో మెనూలోని లింకు మీద నొక్కి, వెంటనే ప్రింటు ఇచ్చినవారికి చాలాసార్లు కాగితం మీద మెనూ ఒక్కటే వచ్చేది, ఎందుకంటే బ్రౌజరు చివరగా నొక్కిన ఫ్రేమునే ప్రింటుకు పంపేది. ఇప్పుడు ప్రింటు కోసం రాసే సీఎస్ఎస్ భాగంలో నావ్ ట్యాగుకు డిస్‌ప్లే నన్ అని, ప్రధాన పెట్టెకు గ్రిడ్ బదులు డిస్‌ప్లే బ్లాక్ అని రాస్తే చాలు. గ్రంథాలయం సభ్యత్వ నిబంధనల పేజీని ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించేటప్పుడు, పక్కన పన్నెండు లింకుల ఖాళీ లేకుండా కాగితం వెడల్పంతా నిబంధనలే వస్తాయి.